ఎనిమిది దేశాల ఎక్సెల్ షీటు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయి కూతురు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపింది. కింద ఒకే ఒక్క లైను: "అన్నయ్యా, ఒకసారి చూసి ఓకే చెప్పు. బుక్ చేసేస్తా."

షీటు పేరు 'అమ్మతో యూరప్'. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, జూరిక్, వెనిస్, రోమ్. తొమ్మిది ఊళ్ళు, ఎనిమిది దేశాలు, అన్నీ రైల్లోనే. ఒక్కో దేశానికి ఒక్కో రంగు. చూడ్డానికి ముగ్గులా ఉంది.

చెల్లి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఏడు రోజులు సెలవు దొరికింది. అటో వీకెండు, ఇటో వీకెండు కలిపితే పదకొండు రోజులు. డబ్బులు మూడేళ్ళు కట్టిన చిట్టీవి. పిన్ని రాజమండ్రిలో ఉంటుంది. ఆవిడ ఇప్పటిదాకా చేసిన పెద్ద ప్రయాణం కాశీ. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. ఆవిడ అడిగింది ఒక్కటే, మంచుని చేత్తో ముట్టుకోవాలని. సినిమా పాటల్లో హీరోయిన్ పల్చటి చీరలో వణక్కుండా డ్యూయెట్ పాడేస్తుందే, ఆ మంచు.

ఫోన్ చేసి, "ఇన్ని ఊళ్ళెందుకే?" అన్నాను.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తామో తెలీదు కదా అన్నయ్యా. అమ్మకి ఇదే మొదటిది. ఇదే ఆఖరుది కూడా కావచ్చు."

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ మాటే మనందరి చేతా ఇలాంటి షీట్లు తయారు చేయిస్తుంది. డబ్బు పెట్టి, వీసా తెచ్చుకుని, అంత దూరం వెళ్తున్నాం. పక్కనే ఉన్న దేశాన్ని వదిలేస్తామా? మ్యాప్‌లో చూస్తే అన్నీ అరచేతిలో పట్టేంత దగ్గర.

సరే, ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని షీటుని మళ్ళీ రాశాం. తక్కువ సెలవుతో రైల్లో యూరప్ చూడాలనుకునే ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా.

ముందు గంటలు లెక్కేద్దాం

షీట్లో ఊళ్ళున్నాయి, తేదీలున్నాయి. గంటలు లేవు. అవి నేను రాశాను. పారిస్ నుంచి బ్రస్సెల్స్ గంటా ఇరవై నిమిషాలు. అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్ రెండు గంటలు. ఆమ్‌స్టర్‌డామ్–బెర్లిన్ ఆరు. బెర్లిన్–ప్రాగ్ నాలుగు పైనే. ప్రాగ్–వియన్నా నాలుగు. వియన్నా–జూరిక్ దాదాపు ఎనిమిది. జూరిక్–వెనిస్ ఆరున్నర. వెనిస్–రోమ్ నాలుగు. కాస్త అటూ ఇటూగా మొత్తం 36 గంటలు.

ఇది రైల్లో కూర్చునే టైమే. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దాలి, హోటల్ ఖాళీ చెయ్యాలి, స్టేషన్‌కి ముందే చేరాలి. దిగాక కొత్త మెట్రో అర్థం చేసుకుని కొత్త హోటల్ వెతుక్కోవాలి. ఎంత చురుగ్గా ఉన్నా దీనికి మూడు గంటలు పడుతుంది. ఎనిమిది సార్లకి 24. అంటే మొత్తం 60 గంటలు.

ఇప్పుడు చేతిలో ఉన్నదెంత? విమానాల రాకపోకలు పోగా తొమ్మిది రాత్రులు, ఎనిమిది పూర్తి పగళ్ళు. రోజుకి పన్నెండు గంటలు తిరుగుతారనుకున్నా 96 గంటలు. అందులో 60 గంటలు దారిలోనే పోతే, తొమ్మిది ఊళ్ళు చూడ్డానికి మిగిలేది 36. ఊరికి నాలుగు గంటలు!

"నాలుగు గంటలంటే మన ట్యాంక్‌బండ్ కూడా సరిగ్గా చూడలేం," అంది చెల్లి. ఆ మాట తనే అనాలని నేను ఎదురుచూస్తున్నా.

నేనూ ఈ గుంటలో పడ్డవాణ్ణే

నా మొదటి యూరప్ ట్రిప్పు ఎనిమిది రోజుల్లో ఆరు దేశాలు. చవగ్గా వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొన్నాను, మధ్యలో రైలు మారడానికి పదమూడు నిమిషాలు పెట్టుకుని. మొదటి రైలు అరగంట లేటు. రెండోది నా కళ్ళముందే వెళ్ళిపోయింది. రెండు టికెట్లూ వేరు కాబట్టి, రెండోదానికి ఎవరికీ బాధ్యత లేదు. కౌంటర్ దగ్గర కొత్త టికెట్ పూర్తి ధరకి కొన్నాను.

ఆ ట్రిప్పులో ప్రాగ్ గురించి నాకు బాగా గుర్తున్నది ఒక లాండ్రీ. ఉన్న ఒక్క పూటా బట్టలు ఉతుక్కోవడానికే సరిపోయింది. ఫొటోలు మాత్రం ఆరు దేశాలవీ ఉన్నాయి. కొన్ని ఏ ఊరివో ఇప్పటికీ చెప్పలేను.

1995లో వచ్చిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో షారుఖ్, కాజోల్ యూరప్‌లో రైలు తప్పిపోతారు. వాళ్ళకి అక్కడ ప్రేమకథ మొదలైంది. మనకి మొదలయ్యేది ఖర్చు.

ఊళ్ళు కాదు, రాత్రులు పంచాలి

మన చేతిలో ఉన్న అసలు డబ్బు రాత్రులు. తొమ్మిది రాత్రులుంటే మూడు ఊళ్ళు. కుర్రాళ్ళయితే నాలుగు. ఒక్క రాత్రి మాత్రమే ఉండే ఊరు షీట్లో ఉందంటే, ఆ ఊరిని మీరు చూడ్డం లేదు, అక్కడ పడుకుంటున్నారంతే.

ముందు తప్పనిసరి అనుకున్నది పెట్టాలి, మిగతావి దాని చుట్టూ అల్లాలి. పిన్నికి మంచు తప్పనిసరి. కాబట్టి స్విట్జర్లాండ్‌లో నాలుగు రాత్రులు, అదీ ఒకే హోటల్లో. చెల్లికి ఐఫిల్ టవర్ కావాలి. పారిస్ మూడు రాత్రులు. నీళ్ళల్లో ఊరు ఇద్దరికీ ఇష్టమే. వెనిస్ రెండు.

స్విట్జర్లాండ్‌లో జూరిక్ బదులు లూసెర్న్ పెట్టాం. సరస్సు ఒడ్డునే ఊరు, స్టేషన్ నుంచి బయటికి రాగానే పడవల రేవు. అక్కణ్ణుంచి ఎంగెల్‌బర్గ్‌కి రైల్లో ముప్పావు గంట. ఎంగెల్‌బర్గ్‌లో కేబుల్ కార్ ఎక్కితే టిట్లిస్ కొండ. ఆఖరి కేబుల్ కార్ గుండ్రంగా తిరుగుతూ పైకి తీసుకెళ్తుంది. పై స్టేషన్ 3,020 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ హిమానీనదం కాబట్టి నడివేసవిలో కూడా మంచు దొరుకుతుంది. మెట్లెక్కక్కర్లేదు, ట్రెకింగ్ అక్కర్లేదు, పిన్ని మోకాళ్ళకి ఇబ్బంది లేదు. మనవాళ్ళు ఎంతమంది వస్తారో చెప్పాలంటే, పైన షారుఖ్, కాజోల్ కటౌట్ పెట్టారు, పక్కన నిలబడి ఫొటో దిగడానికి.

నాలుగు రాత్రులు ఎందుకంటే కొండల్లో వాతావరణం మన షీటు మాట వినదు. మబ్బు కమ్మితే పైకెళ్ళి చూసేది తెల్లటి గోడ. మూడు పూర్తి పగళ్ళుంటే, పొద్దున్నే కొండమీది వెబ్‌క్యామ్ ఫోన్లో చూసుకుని, తేటగా ఉన్న రోజే ఎక్కొచ్చు. మబ్బు రోజున సరస్సులో పడవెక్కొచ్చు. ఒక్కటే రోజు పెట్టుకుంటే అది లాటరీ. ఇంకో మాట, కేబుల్ కార్లని ఏటా కొన్ని రోజులు మరమ్మతులకి ఆపుతారు. మీ తేదీలతో ముందే సరిచూసుకోండి.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. వీళ్ళకి ఆది, సోమవారాలు పూర్తిగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మంగళవారం పొద్దున రైలు.

కొత్త షీటులో రైలు గంటలు ఎన్ని? పారిస్ నుంచి బాసెల్‌లో మారి లూసెర్న్‌కి ఐదు లోపే. లూసెర్న్ నుంచి మిలాన్‌లో మారి వెనిస్‌కి ఆరు. రెండు సార్లు ఊరు మారడానికి ఇంకో ఆరు. మొత్తం 17. పాత షీటులో తిరగడానికి మిగిలింది 36 గంటలు. ఇందులో 79.

"అయిదు దేశాలు పోయాయి," అంది చెల్లి. "పోలేదు, అక్కడే ఉంటాయి," అన్నాను.

దిగిన ఊరి నుంచే తిరిగి ఎక్కక్కర్లేదు

చెల్లి మొదటి షీట్లో విమానం టికెట్ హైదరాబాద్–పారిస్–హైదరాబాద్. చవగ్గా ఉందని. మరి రోమ్‌లో ట్రిప్పు ముగిసాక పారిస్‌కి వెనక్కి రావాలంటే? ఒక రోజంతా పోతుంది, దానికో ఖర్చు. చవకగా కనబడిన టికెట్ అలా ఖరీదైపోతుంది.

విమానం యాప్‌లో 'రౌండ్ ట్రిప్' పక్కనే 'మల్టీ సిటీ' అని ఉంటుంది. వెళ్ళడం పారిస్‌కి, రావడం వెనిస్ నుంచి అని పెట్టండి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాటిలో ఇది తరచూ మామూలు రౌండ్ ట్రిప్ ధరకి దగ్గరగానే వస్తుంది. మ్యాప్‌లో మీ దారి ఒకే గీతలా ఉండాలి, ఉండచుట్టలా కాదు.

ఆఖరి రాత్రి తప్పకుండా విమానం ఎక్కే ఊళ్ళోనే పడుకోండి. ఫ్లైట్ రోజున దూరం నుంచి రైల్లో వద్దామనుకోవద్దు. ఇటలీ, ఫ్రాన్స్‌లలో రైల్వే సమ్మెలు మామూలే.

వీసా షీటుని చదువుతుంది

షెంగెన్ వీసా ఒకటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది. లండన్‌కి మాత్రం వేరే వీసా, వేరే ఫీజు. ఒక్కరోజు లండన్ కోసం ఆ తలనొప్పి వద్దు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఏ దేశంలో దిగుతామో ఆ దేశానికి అప్లై చెయ్యాలనుకుంటారు. కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి చెయ్యాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటేనే, మొదట దిగే దేశం. వీళ్ళు దిగేది పారిస్‌లో అయినా, స్విట్జర్లాండ్‌లో నాలుగు రాత్రులు కాబట్టి స్విట్జర్లాండ్‌కే అప్లై చెయ్యాలి. రాత్రులు పంచుకోవడం వీసాకి కూడా లెక్కే అన్నమాట.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు చేసి తీరాలి. కానీ ఆఖరి దాకా ఆగితే అపాయింట్‌మెంటే దొరక్కపోవచ్చు. పెద్దవాళ్ళకి వీసా ఫీజు 90 యూరోలు. వీసా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా పాస్‌పోర్ట్ గడువు ఉండాలి. పిన్ని పాస్‌పోర్ట్ తీసి చూశాం. గడువు ఉంది, బతికిపోయాం.

హోటళ్ళు ఉచితంగా క్యాన్సిల్ చేసుకోగలిగేవి పెట్టుకోండి. డబ్బు తిరిగి రాని రైలు టికెట్లు వీసా చేతికొచ్చాకే కొనండి. వీసాకి మూడు నాలుగు నెలల ముందే వెళ్ళమనేది ఇందుకే. తొందరగా వస్తే చవక టికెట్లు కూడా ఇంకా మిగిలి ఉంటాయి.

పాస్ కొనాలా, టికెట్లు కొనాలా?

యూరైల్ పాస్ పేరు అందరూ వినే ఉంటారు. 33 దేశాల్లో చెల్లుతుంది, ఫోన్లోనే ఉంటుంది, 27 ఏళ్ళ లోపు వాళ్ళకి తక్కువ ధర. మంచిదే. కానీ అది అందరికీ లాభం కాదు.

ఒకటి, పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. ఫ్రాన్స్ టీజీవీ, యూరోస్టార్, ఇటలీ హైస్పీడ్ రైళ్ళకి విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేసుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్ళకి అక్కర్లేదు, ఎక్కి కూర్చోవడమే. రెండు, కొద్ది రోజుల్లో చాలా దూరాలు తిరిగేవాళ్ళకే పాస్ గిట్టుబాటు. మన కొత్త షీట్లో పెద్ద ప్రయాణాలు రెండే. విడి టికెట్లే నయం.

అక్కడి రైలు టికెట్ల తీరు మనకి తిరగేసిన లెక్క. మన దగ్గర చాలా రైళ్ళకి ధర కదలదు, సీటు అయిపోతుంది, వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది. అక్కడ దూరపు రైళ్ళ ధర విమానం టికెట్‌లా రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ అన్న మాటలే ఉండవు. చవక టికెట్ అయితే ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే పోయినట్టే.

అందుకే మధ్యలో రైలు మారాల్సి ఉంటే మొత్తం దారికి ఒకే టికెట్ తీసుకోండి. మొదటి రైలు లేటై రెండోది తప్పిపోతే తర్వాతి రైల్లో పంపే బాధ్యత అప్పుడు వాళ్ళది. ఒకే టికెట్ దొరక్కపోతే మధ్యలో గంటైనా ఉంచుకోండి. యూరప్ రైళ్ళు గడియారంలా నడుస్తాయన్నది అన్ని దేశాలకీ వర్తించదు. స్విట్జర్లాండ్‌లో నిజమే. జర్మనీలో మాత్రం 2024లో దూరపు రైళ్ళలో సమయానికి వచ్చినవి నూటికి 62 చిల్లరే. గంట లేటైతే టికెట్ ధరలో పాతిక శాతం, రెండు గంటలు దాటితే సగం అడిగి తీసుకునే హక్కు యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఉంది. వరదల్లాంటి కారణాలకి అది వర్తించదు.

స్విట్జర్లాండ్ లోపల తిరగడానికి హాఫ్ ఫేర్ కార్డ్ ఒకటుంది. నెల రోజులు చాలా రైళ్ళు, పడవలు, కొండ కేబుల్ కార్లు సగం ధరకి వస్తాయి. టిట్లిస్ లాంటి కొండ ఎక్కే ఆలోచన ఉంటే దీన్ని తప్పక లెక్కేసి చూడండి.

ప్లాట్‌ఫామ్ మీద

పెద్ద ఊళ్ళల్లో స్టేషన్ ఒకటే ఉండదు. పారిస్‌లో స్విట్జర్లాండ్ రైళ్ళు గార్ ద ల్యోన్ నుంచి వెళ్తాయి, బ్రస్సెల్స్ వైపువి గార్ దు నోర్ నుంచి. సికింద్రాబాద్ అని చెప్పి నాంపల్లిలో దిగితే ఏమవుతుందో అదే అవుతుంది. వెనిస్‌లో ఊరి లోపలి స్టేషన్ పేరు సాంటా లూచియా. మెస్త్రే అంటే అది నీటికి ఇవతలి గట్టు.

ఫ్రాన్స్, ఇటలీలలో ప్లాట్‌ఫామ్ నంబరు బోర్డు మీద రైలు బయల్దేరే కొద్ది నిమిషాల ముందే పడుతుంది. కంగారొద్దు, అందరూ అలాగే తలెత్తి చూస్తుంటారు. కోచ్ నంబరు చూసే ఎక్కండి. కొన్ని రైళ్ళు దారిలో రెండుగా విడిపోయి వేరే వేరే ఊళ్ళకి వెళ్తాయి. ఇటలీలో లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గర మెషిన్‌లో ముద్ర వేయించండి. లేదంటే ఫైన్.

సామాను విషయంలో సూత్రం ఒక్కటే. కూలీలు ఉండరు. మీ పెట్టె మీరే రెండంతస్తుల మెట్లు మొయ్యగలగాలి. పిన్ని పెట్టె కూడా చెల్లే మొయ్యాలి కాబట్టి, ఇద్దరికీ కలిపి ఒక పెద్ద పెట్టె, ఒక బ్యాక్‌ప్యాక్ అని తేల్చాం.

జేబు చిన్నదైతే

స్విట్జర్లాండ్ అందరి బడ్జెట్‌కీ పట్టదు. స్నేహితులతో వెళ్ళే కుర్రకారుకి ప్రాగ్–వియన్నా–బుడాపెస్ట్ మంచి గీత. మొదటిది నాలుగు గంటలు, రెండోది రెండు గంటల నలభై నిమిషాలు. వారం రోజుల్లో హాయిగా మూడు దేశాలు. చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి, యూరోలు కాదు. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకోవాలంటే వియన్నా నుంచి వెనిస్‌కి రాత్రి రైలుంది. బెర్తు తీసుకోండి. సీట్లో కూర్చుని రాత్రంతా వెళ్తే మిగిలిన డబ్బుకి మర్నాటి పగలు చెల్లించాల్సి వస్తుంది. జర్మనీలోనో ఇంకోచోటో చదువుకుంటున్న మనవాళ్ళకి పనికొచ్చేది యూరైల్ కాదు, ఇంటర్‌రైల్ పాస్. యూరప్‌లో ఉండేవాళ్ళకి అదే.

పిన్ని అడిగింది

రాత్రి పదింటికి కొత్త షీటు అయింది. మూడే రంగులు. చెల్లి చాలాసేపు దాన్నే చూసింది. "అమ్మకి ఎనిమిది దేశాలని చెప్పేశాను అన్నయ్యా. ఇప్పుడు మూడంటే?"

నువ్వే అడుగు అని వీడియో కాల్ కలిపించాను. పిన్ని అంతా విని, "ఎనిమిదైనా మూడైనా నాకు పేర్లు గుర్తుండవే. మంచు ఉందా లేదా?" అంది.

ఉందమ్మా, మూడు రోజులు చాన్సుంది అని చెల్లి చెప్పింది.

"అయితే చాలు. రైల్లో పులిహోర తిననిస్తారా?"

తిననిస్తారు. ఆవకాయ కూడా తెచ్చుకోవచ్చు. కానీ నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. నెయ్యి లేదనేసరికి పిన్ని ముఖం చిన్నబోయింది. అయిదు దేశాలు పోయాయన్నప్పుడు మాత్రం ఏమీ కాలేదు.

చెల్లి ఫోన్ పెట్టేశాక ఫైల్ పేరు చూశాను. 'అమ్మతో యూరప్ - 1' అని మార్చింది.